ఒకే సాంబారు, నాలుగు లోతులు: ఒక కాలిన గాయం కేస్ స్టడీ

పెళ్ళిళ్ళ సీజన్‌లో బర్న్స్ వార్డుకి వంటవాళ్ళు రావడం మామూలే. ఈ కేసు రాస్తున్నది గాయం పెద్దదని కాదు. మొత్తం కలిపినా ఒంటి మీద 6 శాతం దాటదు. ఒకే గుండిగలోని సాంబారు ఒకే మనిషి మీద ఒకేసారి నాలుగు చోట్ల పడి, నాలుగు చోట్లా నాలుగు రకాలుగా కాల్చింది. ఒక చోట డ్రెస్సింగ్‌తో సరిపోయింది, ఇంకో చోట ఆపరేషన్ చేసి వేరే చోటి చర్మం తెచ్చి అతకాల్సి వచ్చింది. జూనియర్లకి చర్మం పొరలు బోర్డు మీద గీసి చెప్పేదానికన్నా ఈమె డ్రెస్సింగులు విప్పేటప్పుడు పక్కన నిలబెట్టి చెప్పడం తేలికైంది. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. పేరు, ఊరు, గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ఏం జరిగింది

నలభై దాటిన మహిళ. కేటరింగ్‌లో వంట పని. షుగర్, బీపీ లేవు. ఫంక్షన్ హాల్ వెనక, అప్పుడే పొయ్యి మీంచి దింపిన సాంబారు గుండిగలోంచి బకెట్లలోకి తోడుతుండగా కింద పెట్టిన రాయి జారి గుండిగ పక్కకి ఒరిగింది. ఆపబోయి కుడి చెయ్యి అడ్డం పెట్టింది. అరచెయ్యి, వేళ్ళు, ముంజేతి లోపలివైపు కాలాయి. మిగతాదంతా కుడి తొడ మీద చీరలోకి, అక్కణ్ణుంచి పాదం మీదికి జారింది. చీర సింథటిక్‌ది. కాళ్ళకి రబ్బరు చెప్పులున్నాయి.

పక్కవాళ్ళు వెంటనే చేతిని కుళాయి కింద పెట్టారు. అది చాలా మంచి పని. ‘కాలిన చోట నీళ్ళు తగిలితే బొబ్బలెక్కుతాయి’ అని మన ఇళ్ళలో ఇప్పటికీ గట్టిగా నమ్ముతారు కాబట్టి, ఎవరో తెలిసినవాళ్ళే ఉండి ఉంటారు అక్కడ. కానీ చీర సంగతి వేరు. చుట్టూ మగవాళ్ళు. గదిలోకి వెళ్ళి తలుపేసుకుని తడి చీర, లంగా విప్పేసరికి ఐదారు నిమిషాలు పట్టింది. పాదాన్ని ఎవరూ పట్టించుకోలేదు. చెప్పు పట్టీ కింద ఉడికిన కందిపప్పు, ముక్కలు ఇరుక్కుని అలాగే ఉండిపోయాయి. తర్వాత తొడకి టూత్‌పేస్ట్, పాదానికి పసుపు రాశారు.

మా దగ్గరికి వచ్చేసరికి ప్రమాదం జరిగి రెండున్నర గంటలైంది. మూడు గంటల లోపు కాబట్టి ముందు గాయాలన్నిటినీ 20 నిమిషాలు మామూలు కుళాయి నీళ్ళ కింద పెట్టాం. ఐస్ వాడలేదు, వాడకూడదు కూడా. రక్తనాళాలు ముడుచుకుపోయి గాయం ఇంకా లోతుకి పోతుంది. నొప్పికి ఇంజెక్షన్, టీటీ ఇచ్చి, పేస్టూ పసుపూ మెల్లగా కడిగేశాం. పసుపు మీద నాకు ద్వేషం లేదు, కూరలో ఎంతైనా వేసుకోవచ్చు. కానీ గాయం లోతు చెప్పడానికి మాకున్న ముఖ్యమైన ఆధారం రంగు. దాని మీద పసుపో ఇంకోటో పూస్తే మా కళ్ళకి గంతలు కట్టినట్టే.

గాయం ఎంత శాతమో ఆమె చేతితోనే కొలిచాం. వేళ్ళతో సహా ఎవరి అరచెయ్యి వాళ్ళ ఒంటిలో దాదాపు 1 శాతం. 6 శాతానికి పెద్దవాళ్ళకి సెలైన్ లెక్కలు అక్కర్లేదు, నీళ్ళు బాగా తాగితే చాలు. ఇక్కడ అసలు ప్రశ్న ఎంత కాలిందని కాదు, ఎంత లోతుగా కాలిందని.

నాలుగు చోట్లు

అరచెయ్యి ఎర్రగా వాచి, మందమైన బొబ్బలతో బిగుసుకుని ఉంది. విపరీతమైన నొప్పి. బొబ్బల పైతోలు ఎక్కడా చినగలేదు.

ముంజేతి లోపలివైపు బొబ్బలు అప్పటికే చితికిపోయాయి. అడుగున తడిగా, గులాబీ రంగులో మెరుస్తోంది. ఫ్యాన్ గాలి తగిలినా చెయ్యి లాగేసుకుంటోంది. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్ళీ టక్కున రంగొస్తోంది.

తొడ మీద మచ్చలు మచ్చలుగా ఉంది. కొన్ని చోట్ల పాలిపోయిన తెలుపు, కొన్ని చోట్ల ముదురు ఎరుపు. ఆ ఎరుపుని నొక్కినా తెల్లబడలేదు. తాకితే తెలుస్తోంది గానీ సూదితో పొడిస్తే మొద్దుగా ఉందంది.

పాదం మీద, సరిగ్గా చెప్పు పట్టీ ఉన్నంత మేర, గోధుమ రంగు కలిసిన తెల్లని గీత. పొడిగా, బిరుసుగా ఉంది. సూది గుచ్చినా తెలియలేదు.

ఆమె కొడుకు నన్ను పక్కకి పిలిచి అడిగాడు: “సార్, చెయ్యి మంటకి అమ్మ ఏడుస్తోంది. కాలు మాత్రం నొప్పే లేదంటోంది. కాలు తగ్గిపోతున్నట్టేగా?” ఈ మాట చాలామంది అంటారు. నిజం పూర్తిగా దీనికి తలకిందులు. నొప్పి లేని చోటే నాకు టెన్షన్. నొప్పిని మోసే నరాల కొసలే కాలిపోయాయని దానర్థం. ఏడిపిస్తున్న చెయ్యి తనంతట తనే మానుతుంది, మాట్లాడని పాదానికి ఆపరేషన్ పడుతుందని అతనికి నమ్మకం కలిగించడానికి కాస్త టైం పట్టింది.

పొరల్లో జరిగిందేమిటి

చర్మం పై పొర ఎపిడెర్మిస్. ఇందులో రక్తనాళాలు లేవు. ఒంటి మీద చాలా చోట్ల ఇది మిల్లీమీటర్‌లో పదో వంతు మాత్రమే. కనురెప్ప మీద అందులో సగం, అరచేతుల్లో, అరికాళ్ళలో దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు. దీని అట్టడుగు వరసలో ఉండే బేసల్ కణాలు విడిపోతూ కొత్త కణాలని పైకి నెడుతుంటాయి. పైకి వెళ్ళేకొద్దీ అవి చదునై, కెరటిన్ అనే గట్టి ప్రొటీన్‌తో నిండి, చివరికి చచ్చిపోయి పొలుసులుగా రాలిపోతాయి. ఈ ప్రయాణానికి దాదాపు 4 వారాలు పడుతుంది, వయసు పెరిగితే ఇంకా ఎక్కువ. పైన పేరుకున్న చచ్చిన కణాలు, వాటి మధ్య కొవ్వు పదార్థం కలిసి ఒంట్లో నీళ్ళని బయటికి పోనివ్వకుండా, బయటి క్రిములని లోపలికి రానివ్వకుండా కాపలా కాస్తాయి. కాలిన చోట నీరు కారుతూనే ఉండడం ఆ కాపలా పోయినందువల్లే.

అరచేతిని కాపాడింది రెండు విషయాలు: ఆ చచ్చిన పొర మందం, వెంటనే పోసిన నీళ్ళు. వేడి బేసల్ వరసని దాటి పెద్దగా కిందికి వెళ్ళలేదు. పై పొరకీ కింది పొరకీ మధ్య అతుకు విడిపోయి, కింది రక్తనాళాల నుంచి ఊరిన నీరు అక్కడ చేరితే అదే బొబ్బ. అరచేతి బొబ్బల్ని నేను కదిలించను. ఆ పైతోలుని మించిన డ్రెస్సింగ్ మా స్టోర్‌లో లేదు.

ఎపిడెర్మిస్ కింద డెర్మిస్. అసలు కథ ఇక్కడుంది. దీని పై భాగం సన్నని బొడిపెలుగా పైకి లేచి ఎపిడెర్మిస్‌లోకి దిగి ఉంటుంది. ఆ బొడిపెల్లోనే సన్నని రక్తనాళాల మెలికలు, స్పర్శ తెలిపే నరాల కొసలు ఉంటాయి. కింది భాగం మందమైన కొల్లాజెన్ పోగులు, మధ్యలో సాగే ఎలాస్టిన్ పోగులు. ఒక పోగుకి ఇంకోటి అడ్డంగా, నులక మంచం అల్లినట్టు ఉంటుంది కాబట్టే చర్మాన్ని ఎటు లాగినా కొంత సాగి మళ్ళీ వెనక్కొస్తుంది. వెంట్రుకల కుదుళ్ళు, చెమట గ్రంథులు ఈ అల్లిక లోతుల్లోకి, ఒక్కోసారి దాని కిందున్న కొవ్వులోకి కూడా దిగి ఉంటాయి.

కాలిన గాయం మానడంలో కీలకం ఆ కుదుళ్ళే. ప్రతి వెంట్రుక కుదురు లోపలి గోడకీ, చెమట గ్రంథి నాళానికీ ఎపిడెర్మిస్ కణాలే పరుచుకుని ఉంటాయి. పైన అంతా కాలిపోయినా కుదుళ్ళు మిగిలితే ఆ కణాలు పైకి పాకి, పక్కకి విస్తరించి, కొత్త పై పొరని అల్లుతాయి. కుదుళ్ళు కూడా పోతే గాయం అంచుల నుంచి మాత్రమే చర్మం పాకాలి. అంటే వారాలకి వారాలు, ఆ తర్వాత మందమైన మచ్చ.

ముంజేతి మీద బొడిపెల వరస దెబ్బతింది గానీ కుదుళ్ళు దాదాపు అన్నీ బతికాయి. నరాల కొసలు బయటపడి, బతికే ఉన్నాయి కాబట్టే అంత మంట. తొడ మీద చర్మం ముంజేతి లోపలివైపు కన్నా మందం. మామూలుగా అయితే తక్కువ కాలాలి. సింథటిక్ చీర వేడి సాంబారుని ఒంటికి అంటించి ఐదారు నిమిషాలు ఉంచింది. 1947లో మొరిట్జ్, హెన్రిక్స్ చేసిన ప్రయోగాలు ఇప్పటికీ మాకు ప్రమాణం: 60 డిగ్రీల వేడి చర్మాన్ని తీవ్రంగా కాల్చడానికి 5 సెకన్లు చాలు, 70 డిగ్రీలైతే సెకను. వేడి ఎంతన్నదే కాదు, ఎంతసేపన్నది కూడా లెక్కే. అందుకే బట్ట తీసేయడం నీళ్ళు పోయడమంత అవసరం. కాలిన చర్మానికి గట్టిగా అతుక్కుపోయి ఉంటే మాత్రం పీకకూడదు, అలాగే నీళ్ళు పోయాలి. మొహమాటపడే చోట కనీసం చీర మీద నుంచే బకెట్ నీళ్ళు గుమ్మరించాలి.

తొడ మీద నొక్కినా పోని ఆ ఎరుపు, పగిలిన రక్తనాళాల నుంచి బయటికొచ్చి అక్కడే గడ్డకట్టిన రక్తానిది. రక్తం పారుతూ ఉంటే నొక్కినప్పుడు తెల్లబడేది. ఇక పాదం పైభాగం. అక్కడ చర్మం పల్చన, కొవ్వు తక్కువ, కిందే వేళ్ళని పైకి లేపే నరాలు అని జనం పిలిచే టెండన్లు. చిక్కటి పప్పు పట్టీ కింద ఇరుక్కుని నిమిషాల తరబడి ఉంది. ఎపిడెర్మిస్, డెర్మిస్ రెండూ పూర్తిగా పోయాయి.

ఎప్పుడు కొయ్యాలి

మొదటి రోజే లోతు తేల్చేసే డాక్టర్లంటే నాకు అనుమానం. 1953లో బర్మింగ్‌హామ్‌కి చెందిన జాక్సన్ చెప్పిన మూడు వలయాల సంగతి అందరికీ పాఠమే: నడుమ చచ్చిన భాగం, దాని చుట్టూ రక్తం నెమ్మదించి ఊగిసలాడే భాగం, దాని బయట ఎర్రబడిన భాగం. ఆ ఊగిసలాడే రెండో వలయం బతుకుతుందో చస్తుందో తేలేది రెండు మూడు రోజుల్లో. గాయం ఎండిపోయినా, ఇన్ఫెక్షన్ వచ్చినా అది చస్తుంది. అనుభవమున్న సర్జన్ కంటితో చూసి చెప్పిన లోతు కూడా మూడింట ఒక వంతు సార్లు తప్పుతుంది. రక్తప్రసారాన్ని లేజర్‌తో కొలిచే యంత్రాలున్నాయి. మా దగ్గర లేదు. మూడో రోజు మళ్ళీ చూడడమే మా యంత్రం.

అందుకే తొడకి తెల్లటి సిల్వర్ సల్ఫాడయజీన్ క్రీమ్ పూయలేదు. 1968 నుంచి వాడుతున్న మంచి మందే. కానీ రెండు రోజుల్లో గాయం మీద తెల్లటి తెట్టు కడుతుంది, దాని కింద ఏముందో ఎవరికీ కనపడదు. ముంజేతికి కొల్లాజెన్ షీటు, మిగతా వాటికి పారఫిన్ పూసిన గాజుగుడ్డ వేశాం.

మూడో రోజుకి తొడలో కొంత మేర రంగు తేరుకుంది, ఎక్కువ భాగం తేరుకోలేదు. మూడు వారాల్లో మానని గాయం ఉబ్బెత్తు మచ్చగా మారే ప్రమాదం బాగా పెరుగుతుంది. ఇది మూడు వారాల్లో మానదని నిర్ణయానికొచ్చి, ఐదో రోజు ఆపరేషన్ పెట్టుకున్నాం. కాలిన పొరని పల్చటి పలకలుగా చెక్కి, కింద బతికున్న డెర్మిస్‌ని మిగిల్చి, వెంటనే చర్మం అతికే ఈ పద్ధతిని అందరికీ నేర్పింది అప్పటి యుగోస్లావియాలోని మారిబోర్‌లో పనిచేసిన జోరా యాంజెకోవిచ్. ఆమె 1970లో రాసిన పేపర్ తర్వాతే ప్రపంచం దీన్ని ఒప్పుకుంది.

చర్మాన్ని పల్చగా చెక్కే హంబీ కత్తితో ఒక్కో పలక తీస్తుంటే ఎప్పుడు ఆగాలో రక్తమే చెబుతుంది. చచ్చిన డెర్మిస్ మసక తెలుపు, చుక్క రక్తం రాదు. ఇంకో పలక. మెరిసే తెల్లదనం కనపడి, సూదిమొన అంత ఎర్ర చుక్కలు దగ్గర దగ్గరగా పొడిస్తే డెర్మిస్ పై భాగంలోనే ఉన్నామన్నమాట. చుక్కలు పెద్దవై దూరం దూరంగా వస్తే లోతుకి దిగాం. ఆమె తొడ మీద రెండో పలకకే కొన్ని చోట్ల దగ్గరి చుక్కలొచ్చాయి, మిగతా చోట్ల మూడోదాకా వెళ్ళాం. ఒక్క అంచున సన్నని పట్టీ మాత్రం అటూ ఇటూ కాకుండా ఉంది. దాన్ని కోస్తే బతికున్న డెర్మిస్ కూడా పోతుందని వదిలేశాం. పాదం దగ్గర చుక్కలేవీ రాలేదు, పసుపుపచ్చ కొవ్వు వచ్చింది. టెండన్ మీద ఉండే పల్చటి పొరని కదపకుండా అక్కడ ఆగాం. ఆ పొర పోతే అతికిన చర్మానికి రక్తం అందదు.

ముందు రోజు సాయంత్రం ఆమె అడిగింది: “ఉన్న గాయాలు చాలవన్నట్టు మంచి కాలు కూడా కోస్తారా సార్?” న్యాయమైన ప్రశ్న. ఎడమ తొడ మీంచి తీసేది మిల్లీమీటర్‌లో పావు వంతు, అంటే ఎపిడెర్మిస్ మొత్తం, డెర్మిస్‌లో పైపై కొంత. కుదుళ్ళన్నీ అక్కడే ఉంటాయి. ముంజెయ్యి ఎలా మానుతుందో అదీ అలాగే రెండు వారాల్లో మానుతుంది. “అంటే కావాలని చెయ్యంత కాలుస్తారన్నమాట,” అంది. ఇంత సూటిగా నేనెప్పుడూ చెప్పలేదు.

తొడకి వేసిన చర్మాన్ని మెష్ చేశాం, అంటే చిల్లులు పెట్టి వలలా సాగదీశాం, పాదానికి చిల్లులు లేకుండా వేశాం. అతికిన చర్మం మొదటి రెండు రోజులు కింద ఊరే ద్రవాన్ని పీల్చుకునే బతుకుతుంది. ఆ తర్వాతే కింది రక్తనాళాలు దానిలోని నాళాలతో కలుస్తాయి. ఈ లోపు కాస్త జరిగినా ఊడిపోతుంది, అందుకే పాదానికి పిండికట్టు. ఆపరేషన్ తర్వాత ఐదో రోజు విప్పితే తొడ మీద చర్మం గులాబీ రంగులో పట్టుకుంది. ఒక మూల కొద్దిగా పోయింది గానీ డ్రెస్సింగ్‌తో సరిపోయింది.

ఈ మధ్యలో మేం పోట్లాడింది పత్యం గురించి. చీము పడుతుందని గుడ్డు, పప్పు, చికెన్ అన్నీ మాన్పించి చారన్నం పెడుతున్నారు. గాయం పూడాలంటే కొల్లాజెన్ తయారవ్వాలి, అది ప్రొటీన్. చారులోంచి రాదు. రోజుకి రెండు గుడ్లు తినిపిస్తే తప్ప డిశ్చార్జ్ చేయనని బెదిరించాల్సి వచ్చింది.

మానిన తీరు

ముంజేతి డ్రెస్సింగ్ పదో రోజు విప్పినప్పుడు జూనియర్లందరినీ పిలిచాను. తడి గులాబీ రంగు మీద అక్కడక్కడా సన్నని, తెల్లగా మెరిసే చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో వెంట్రుక కుదురు నుంచి బయటికొచ్చిన కొత్త ఎపిడెర్మిస్. మరో వారానికి అవన్నీ కలిసిపోయాయి. మొదట పాలిపోయి కనిపించిన రంగు తర్వాత నల్లబడింది, ఇప్పుడు చుట్టూ ఉన్న రంగులో కలుస్తోంది. రంగునిచ్చే మెలనోసైట్లు కుదుళ్ళలోనూ ఉంటాయి కాబట్టి అవి కూడా అక్కణ్ణుంచే వచ్చి చేరతాయి. ఎండ తగలకుండా చూసుకోమన్నాం.

అరచేతి మందమైన తోలు రెండు వారాలకి ఊడిపోయింది. ఆమె దిగులు నొప్పి గురించి కాదు, రేషన్ షాపులో వేలిముద్ర పడదేమోనని. కొంతకాలం మెషీన్ మొరాయించవచ్చు గానీ ముద్ర పోదని చెప్పాం. వేలిముద్ర గీతల అచ్చు ఎపిడెర్మిస్‌లో లేదు, దాని కింద డెర్మిస్ బొడిపెల వరసల్లో ఉంది. ఆ వరసలు చెడలేదు కాబట్టి కొత్త పొర పాత గీతల్నే వేసుకుంటుంది. రెండో నెలలో బియ్యం తెచ్చుకుంది.

తొడ మీద అతికిన భాగం చదునుగానే ఉంది, మెష్ గళ్ళు లీలగా కనిపిస్తాయి. కొయ్యకుండా వదిలిన ఆ పట్టీ నాలుగో వారంలో మానింది, ఉబ్బెత్తు మచ్చయింది. రాత్రుళ్ళు దురద విపరీతం. అతికిన చర్మంలో నూనె గ్రంథులు, చెమట గ్రంథులు లేవు. అది ఎండిపోతుంది కాబట్టి రోజుకి నాలుగైదు సార్లు కొబ్బరినూనె మర్దన, దురదకి మాత్రలు. మచ్చని నొక్కి ఉంచే బిగుతు గార్మెంట్ రోజుకి 23 గంటలు వేసుకోవాలని మా పుస్తకాలు చెబుతాయి. ఎండాకాలంలో పొయ్యి దగ్గర నిలబడే మనిషికి అది జరిగే పని కాదు. పని ముగిశాక, రాత్రంతా వేసుకునేట్టు ఒప్పందానికొచ్చాం. దాని కింద సిలికాన్ షీటు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది స్పర్శ. పాదం మీద అతికిన చోట అంచుల నుంచి కొంత తిరిగొచ్చింది గానీ వేడి ఇంకా సరిగ్గా తెలియదు. మళ్ళీ వేడిది పడినా కాలు వెనక్కి లాక్కోమని చెప్పే నరం అక్కడ లేదు. అందుకే వంట దగ్గర ముందు భాగం మూసి ఉండే బూట్లు తప్పనిసరి చేశాం. మొదట్లో నవ్వినా ఇప్పుడు వేసుకుంటోంది.

ఆరు నెలలకి పనిలో చేరింది, గుండిగలు మాత్రం ఎత్తడం లేదు. పాదం మీది మచ్చ కాస్త ముడుచుకుని రెండో వేలిని పైకి లాగుతోంది. మచ్చ మెత్తబడడానికి ఏడాది పడుతుంది. అప్పటికీ వేలు దిగకపోతే ఆ ముడతని జెడ్ ఆకారంలో కోసి సాగదీయాలి. ప్రస్తుతానికి రోజూ వేలు కిందికి వంచే వ్యాయామం, రాత్రి స్ప్లింట్ నడుస్తున్నాయి.